ట్రిగ్గర్ పూర్తయింది: క్రాస్ ఆడాలా, బ్రేక్ కోసం ఆగాలా?

1995 నాటి వీడియో గేమ్ క్రోనో ట్రిగ్గర్ ముగించాక మనసు ఇంకా కావాలంటుంది. దాని తర్వాత వచ్చిన ఆట క్రోనో క్రాస్, పేరు వినిపించినా రాని ఆట క్రోనో బ్రేక్.

ఖర్చు: క్రోనో క్రాస్‌కి 2022 రీమాస్టర్ (మెరుగుపరిచిన కొత్త ఎడిషన్) కొనాలి, ఇదే సిరీస్‌లోని 1996 నాటి చిన్న ఆట రాడికల్ డ్రీమర్స్ కూడా అందులోనే ఉంది. క్రోనో బ్రేక్ కొందామన్నా దొరకదు. 2001లో ఈ ఆటల కంపెనీ స్క్వేర్ ఆ పేరుకి ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టింది, ఆట మాత్రం రాలేదు.

శ్రమ: క్రాస్‌లో 40కి పైగా పాత్రలు, కొత్త పోరాట పద్ధతి. మొదట్లో ఓపిక పట్టాలి. బ్రేక్‌కైతే ఎదురుచూపే.

రిస్క్: క్రాస్ కథ ట్రిగ్గర్‌లోని పాత బృందం గెలుపు మీద నీడ పరుస్తుంది. నాకది ఇప్పటికీ మింగుడుపడదు. అయినా సంగీత దర్శకుడు మిత్సుద సంగీతం వింటే గుండె కరిగిపోతుంది!

ఆ లోకంలో కొత్త కథ కావాలంటే క్రాస్. ట్రిగ్గర్ హీరోలు క్రోనో, మార్ల్, లూకాలే కావాలంటే బ్రేక్ కోసం ఆగకండి, ట్రిగ్గర్‌నే న్యూ గేమ్ ప్లస్‌లో (సంపాదించిన బలంతోనే ఆటని మొదటి నుంచి ఆడే పద్ధతి) మళ్లీ మొదలుపెట్టండి, చూడని ముగింపులు ఇంకా ఉంటాయి.