కండెన్సరా, డైనమిక్కా? విశాఖ ఇంట్లో వాయిస్ ఓవర్‌కు ఏది మేలు?

ఇంటి నుంచే వాయిస్ ఓవర్ చెప్పాలనుకునేవారు ముందుగా మైకు గురించి అడుగుతారు గానీ, ఏ వీధిలో ఉంటున్నారో చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. ఎన్‌ఏడీ కొత్త రోడ్డు దగ్గర మా ఫ్లాట్‌లో కిటికీలు బిగించినా బస్సు హారన్లు వినిపిస్తూనే ఉంటాయి. నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా రన్‌వే కూడా దగ్గరే కావడంతో, విమానం వచ్చినప్పుడల్లా వాక్యం మధ్యలో ఆగిపోవలసి వస్తుంది.

48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో (మైకు కేబుల్ ద్వారానే అందే కరెంటు) పనిచేసే కండెన్సర్ మైకులో శబ్దానికి కంపించే పొర చాలా పల్చన. అందుకే శ, ష, స ల మధ్య తేడా కూడా స్పష్టంగా పలుకుతుంది. ఆ స్పష్టతతోపాటు వంటింట్లోని ఫ్రిజ్ రొద, ఎదురు గోడ నుంచి తిరిగొచ్చే మన గొంతు కూడా రికార్డవుతాయి. పైగా సముద్రపు గాలి తేమ ఆ పొర ఉండే క్యాప్సూల్‌కు పడదు, చిటపటలు మొదలవుతాయి. వాడిన వెంటనే సిలికా జెల్ సంచులున్న బిగుతు డబ్బాలో పెట్టే ఓపిక ఉన్నవారే దాన్ని కొనడం మంచిది.

డైనమిక్ మైకు బయటి చప్పుడును వడకట్టేస్తుందన్న మాట సగమే నిజం. దానికి నాలుగు వేళ్ల దూరంలో నోరు పెట్టి చదువుతాం కాబట్టి గొంతు ముందుకొచ్చి, గది చప్పుడు వెనక్కి తగ్గుతుంది. అంత దగ్గరైతే భ, ఫ ల దగ్గర గాలి దెబ్బ తగులుతుంది. మైకును కొంచెం పక్కకు తిప్పితే సరిపోతుంది. షూర్ కంపెనీ డైనమిక్ మైకు ఎస్‌ఎం7బీకి సుమారు 60 డెసిబెల్స్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) కావాలి. చౌక ఇంటర్‌ఫేస్‌తో (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) అంత గెయిన్ పెంచితే బుస వినిపిస్తుంది. కొత్తవారికి 1966 నుంచి అమ్ముడవుతున్న అదే కంపెనీ డైనమిక్ మైకు ఎస్‌ఎం58 చాలునని నా అభిప్రాయం.

ఏది కొన్నా గది సంగతి తప్పదు. సీలింగ్ ఫ్యాన్ ఆపి, తలుపులు తెరిచిన బట్టల బీరువాకు ఎదురుగా కూర్చుని, వీపు వెనుక ఒక బొంత వేలాడదీసి, అర నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేసి చూడండి. ఆడియో పుస్తకాలు తీసుకునే ఏసీఎక్స్ ఆ నిశ్శబ్దం −60 డెసిబెల్స్ కంటే తక్కువగా ఉండాలంటుంది. మే నెలలో ఫ్యాన్ లేకుండా ఆ పని చేయడం ఎంత కష్టమో ఉక్కపోత తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

సాఫ్ట్‌వేర్ విషయంలో పెద్ద చర్చ అవసరం లేదు. ఉచితంగా దొరికే ఆడాసిటీలో పంచ్ అండ్ రోల్ ఉంది: విమానం వెళ్ళిపోయాక, ఆగిన చోటికి కొన్ని క్షణాల ముందు నుంచి వింటూ, అదే ఊపులో చదువు కొనసాగించవచ్చు.

రోడ్డు పక్క ఇల్లయితే డైనమిక్ మేలు. లోపలి వీధిలో నిశ్శబ్దమైన గది, డబ్బా మూసే అలవాటు రెండూ ఉంటే కండెన్సర్ తీసుకోవచ్చు. మా ఇంట్లో మాత్రం ఎస్‌ఎం58నే వాడుతున్నాం, అదీ తెల్లవారుజామున బస్సులు మొదలవకముందే.