స్నాయ్‌ఫెల్స్‌నెస్: టూర్ బస్సా, అద్దె కారా?

ఐస్‌లాండ్ పశ్చిమాన ఉన్న ఈ అగ్నిపర్వత ద్వీపకల్పాన్ని రాజధాని రేక్యవిక్ నుంచి బస్సులో చూసి రావడానికి ఒక రోజంతా, దాదాపు 11-12 గంటలు పడుతుంది. మంచులో నడిపే అలవాటు లేనివాళ్లకు చలికాలంలో బస్సే మేలు. డిసెంబరులో పగటి వెలుగు 4-5 గంటలే; బస్సయితే చీకట్లో ఆ రోడ్లతో తంటాలు పడక్కర్లేదు. లోటల్లా సమయమే: ఎక్కడ ఎంతసేపు ఆగాలో గైడ్ చేతిలో ఉంటుంది.

వేసవిలో మాత్రం కారే తీసుకోండి, ఒక రాత్రి అక్కడే ఉండండి. బోర్గార్‌నెస్ పట్టణం దాటాక 54వ నంబరు రోడ్డు, ద్వీపకల్పం కొస చుట్టూ 574. ఆర్నార్‌స్టాపి ఊరి నుంచి పక్క ఊరు హెట్ల్‌నార్‌కు లావా అంచున రెండున్నర కిలోమీటర్ల కాలిబాట తీరిగ్గా నడవాల్సిందే. డ్యూపాలోన్‌సాండుర్ నల్లరాళ్ల తీరంలో 1948లో మునిగిన ఓడ తాలూకు తుప్పుపట్టిన ఇనుప ముక్కలు ఇంకా పడి ఉన్నాయి, వాటిని ముట్టుకోకూడదు.

కారుకు అసలు గండం గాలి. వెనుక నుంచి కొడితే తెరిచిన తలుపు విరిగిపోవచ్చు, ఆ నష్టం మామూలు బీమాలో తరచూ రాదు. ముందుభాగం గాలికి ఎదురుగా పెట్టి ఆపండి, తలుపును చేత్తో పట్టుకునే తెరవండి. సిబ్బంది లేని బంకుల కోసం పిన్ ఉన్న కార్డు దగ్గర ఉంచుకోండి.