పెద్దక్షరాల బైబిలు: ఒక మిర్చి యార్డు గుమస్తా మాట

డిసెంబరులో ఒక ఆదివారం గుడిలో పాత నిబంధన పాఠం చదివే వంతు నాకొచ్చింది. చదివిన లైనే మళ్లీ చదివాను. వెనక బెంచీలో ఎవరో దగ్గారు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరొచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘం మాది, వాక్యం తడబడితే పెద్దవాళ్లు ఊరుకోరు. ఇంటికొచ్చాక మా ఆవిడ “అద్దాలైనా మార్చండి, బైబిలైనా మార్చండి” అంది. అద్దాలు మార్చి ఆర్నెల్లే అయింది. అందుకని బ్రాడీపేటలో ఒక కొట్లో పెద్దక్షరాల తెలుగు బైబిలు కొన్నాను. జిప్పు కవరుతో కలిపి ఎనిమిది వందల యాభై.

అక్షరాలకు వంక పెట్టలేను. పొద్దున ఐదింటికి వంటింట్లోంచి పడే వెలుతురులో కూడా ఒత్తులు విడివిడిగా కనిపిస్తాయి. కాగితం మాత్రం మరీ పల్చన, వెనకవైపు అచ్చు ఇటు తేలుతుంది. అంచున పుస్తకాల పేర్లతో కోసిన గుర్తులు మంచి పని, లేకపోతే ఓబద్యా లాంటి ఒక్క అధ్యాయం పుస్తకాన్ని వెతికేలోపు టీ చల్లారిపోతుంది.

లెక్కలు రాసుకు బతికేవాణ్ని కదా, ముందు లెక్కే వేశాను. 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోయి రెండు మూడు రోజులు మిగులుతాయి. జనవరి ఒకటిన మొదలుపెట్టా. ఫిబ్రవరి మొదట్లో లేవీయకాండంలో కుష్ఠు మచ్చల అధ్యాయాల దగ్గరికొచ్చేసరికి యార్డులో సీజను అందుకుంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగడం మొదలైతే తెల్లారకముందే ఫోన్లు. రెండు వారాలు వెనకబడ్డాను. ఒకేసారి పాతిక అధ్యాయాలు లాగించబోయి నిద్రపోయాను కూడా. మా సంఘం పాస్టరు అయ్యగారికి చెబితే “పోయినవి వదిలెయ్, ఇవాళ్టి మూడూ చదువు” అన్నారు. అంతే, మళ్లీ దారిలో పడ్డాను.

బరువు సంగతి చెప్పాలి. ఇది సంచిలో వేసుకు తిరిగేది కాదు. పైగా నా చేతులకు ఎప్పుడూ కారమే. ఒకరోజు సరిగ్గా కడుక్కోకుండా తెరిస్తే బంగారు పూత అంచు ఎర్రబడింది, ఇప్పటికీ అక్కడ తెరిస్తే తుమ్మొస్తుంది. అందుకని పొద్దున చదివినదాంట్లో ఒక వచనం పాత కాటా చీటీ వెనక రాసుకుని చొక్కా జేబులో పెట్టుకుంటున్నా. యార్డులో వేలంపాట అయ్యేదాకా నిలబడాలిగా, అప్పుడు చూసుకుంటా.

సాయంత్రం అమ్మకు బైబిల్లో సామెతల గ్రంథం తారీకుకో అధ్యాయం చదువుతా. 31 అధ్యాయాలు గనక నెలకు సరిపోతాయి. ఒక పదకొండో తారీకున తొందరపడి ఆ అధ్యాయం మొదటి వచనం పొద్దున్నే చీటీ మీద రాసుకున్నా. దొంగత్రాసు దేవుడికి హేయమనే మాట అది. హడావుడిలో తూకం చీటీ బదులు దాన్ని మాచర్ల వైపు రైతు చేతిలో పెట్టేశా. ఆయన చదువుకుని, నవ్వి, “గుమస్తాగారూ, ఇది మీ షావుకారుకివ్వండి” అన్నాడు.

జిప్పు రెండో నెలలోనే ఊడింది. కొట్టువాళ్లు కవరుకు గ్యారంటీ లేదన్నారు. మా ఆవిడ పాత చీర ముక్కతో గలేబు కుట్టింది, అదే నయం. ఐదుకి నాలుగిస్తా. కొనేవాళ్లు జిప్పు లేనిది అడగండి, కొట్లోనే 119వ కీర్తన తీసి అద్దాలు లేకుండా ఓ పది వచనాలు చదివి చూసుకోండి.