చెరువుగట్టు పక్క ఇంట్లో వినడానికి స్టెల్లియా, డి9200, స్టెల్త్ హెడ్‌ఫోన్లు: ఏది మేలు?

భీమవరం చుట్టూ చెరువుల మధ్య కాపురం ఉన్నవారికి రాత్రి నిశ్శబ్దం ఉండదు. చీకటి పడిన తరువాత నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కనుక రొయ్యల చెరువుల్లో నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తెల్లవార్లూ తిరుగుతూనే ఉండాలి. వాటి రెక్కలు నీటిని కొట్టే చప్పుడు, మోటారు గుర్రు, ఇంటిలోపల సీలింగ్ ఫ్యాను గాలి కలిసి ఒకటే హోరు అవుతాయి. వెనుకవైపు జాలీ ఉన్న ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ ఎంత ఖరీదైనదైనా ఆ హోరును నేరుగా చెవిలోకి వదులుతుంది. అందుచేత పాటను పాటగా వినదలచుకున్న నాబోటివారు వెనుకవైపు మూసివున్న క్లోజ్డ్ బ్యాక్ వైపే చూడవలసి వస్తుంది. హైదరాబాదులోని మిత్రుల వద్ద, అమెరికా నుండి సెలవులకు వచ్చిన మా పెదనాన్నగారి అబ్బాయి వద్ద అడిగి తెచ్చుకుని, ఒక్కొక్కటి కొన్ని వారాలపాటు మా ఇంట్లోనే విన్న మూడింటిని ఇక్కడ పోలుస్తున్నాను: ఫ్రాన్సుకు చెందిన ఫోకల్ స్టెల్లియా, జపానుకు చెందిన డెనాన్ ఏహెచ్-డి9200, అమెరికాకు చెందిన డాన్ క్లార్క్ ఆడియో స్టెల్త్. విడుదలైననాడు వీటి ధరలు వరుసగా 2,999, 1,599, 3,999 డాలర్లు. దిగుమతి సుంకం కలిసేసరికి మన చేతికి వచ్చే ధర అంతకంటె ఎక్కువే అవుతుంది.

క్లోజ్డ్ బ్యాక్ తయారీలో ఉన్న కష్టమంతా ఒక్కచోటే ఉంది. కదిలి శబ్దం పుట్టించే పలుచని పొర, అంటే డయాఫ్రం, ముందుకు ఎంత శబ్దాన్ని పంపుతుందో వెనుకకూ అంతే పంపుతుంది. చెవిని కప్పే మూసిన డొప్పలో ఆ వెనుక శబ్దం గోడకు తగిలి తిరిగివచ్చి, ముందు శబ్దంతో కలిసి, కొన్ని స్వరాలను ఉబ్బిస్తుంది, కొన్నింటిని మింగేస్తుంది. పెట్టెలోపలి నుండి పాడుతున్నట్టు వినిపించడానికి కారణం ఇదే. ఈ చిక్కును మూడు సంస్థలూ మూడు దారుల్లో విప్పాయి. ఫోకల్ 2019లో తెచ్చిన స్టెల్లియాలో 40 మిల్లీమీటర్ల బెరీలియం డయాఫ్రం ఉన్నది. అతి తేలికగా, అతి గట్టిగా ఉండే ఆ లోహం చప్పున కదిలి చప్పున ఆగుతుంది. డెనాన్ 2018 నాటి డి9200లో డొప్పకే ప్రాధాన్యమిచ్చి, జపానులోని కోచి ప్రాంతపు మోసో వెదురుతో దానిని చేసింది. వెదురు తేలికగా ఉంటూనే అదురును తనలో అణచుకుంటుంది. గోదావరి మీద వెదురు తెప్పలు దిగివచ్చిన రోజులు ఎరిగిన మన పెద్దలకు ఆ కర్ర గుణం వేరుగా చెప్పనక్కరలేదు. 2021లో వచ్చిన స్టెల్త్‌లో మాత్రం చదునైన, పలుచని ప్లానార్ డయాఫ్రంకూ చెవికీ నడుమ సన్నని గొట్టాలు, గదులు తొలిచిన ఒక బిళ్ళను అమర్చారు. ఏ పౌనఃపున్యాలు డొప్పలో చిక్కుకుని మోగుతాయో వాటిని ఆ గదులే పీల్చుకుంటాయి.

శబ్దం సంగతికి వస్తే, మూడింటిలో అత్యంత శుభ్రమైనది స్టెల్త్ అనడంలో నాకు సందేహం లేదు. మృదంగం తొప్పి (ఎడమవైపు మూత) మీద పడిన దెబ్బ అడుగుదాకా దిగుతుంది గాని పక్క స్వరాల మీదికి పొంగదు. వీణ మీద మీటు పడిన తరువాత గమకం సన్నగిల్లి ఆరిపోయేదాకా తీగను వెంబడించవచ్చు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారి వీణను ఇందులో విన్నప్పుడు, ఎడమచేతి వేలు మెట్టు మీద జారే ఆ చిన్న రాపిడి కూడా సంగీతంలో భాగమేనని తోచింది. స్టెల్లియాకు ఆ సమతూకం లేదు, కాని అంతకుమించిన ఊపు ఉన్నది. దెబ్బ పడిన క్షణం ఒళ్ళు ఉలిక్కిపడేటట్టు వినిపిస్తుంది. పై స్వరాలలో దాని పదును గంటసేపు ఉత్సాహాన్నిస్తుంది, ఆ తరువాత వయొలిన్ తారస్థాయికి వెళ్ళినప్పుడల్లా చెవి కొంచెం వెనక్కి తగ్గుతుంది. డి9200 ఈ రెంటికంటె తక్కువ వివరం ఇచ్చినా, గొంతు విషయంలో నా మనసు దానివైపే మొగ్గింది. కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారు మంద్రస్థాయికి దిగినప్పుడు ఆ గొంతులో ఉండే నిండుదనం ఇందులో వినిపించినంత సహజంగా మిగిలిన రెంటిలోనూ వినిపించలేదు. మన పాత రికార్డింగులలో చాలావరకు మోనో, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం, కనుక, ఈ తరగతి హెడ్‌ఫోన్ల గురించి తరచు చెప్పే విశాలమైన వేదిక అనే గుణం వాటిని వినేవారికి పెద్దగా ఉపయోగపడదు. గొంతు నిజమైన గొంతులా ఉండడమే అక్కడ కావలసినది.

అయితే ఇంత శబ్దవిచారమూ హెడ్‌ఫోన్ నెత్తిన నిలిచినంతసేపే. వైశాఖమాసపు ఉక్కలో కచేరీ మొత్తం విందామని కూర్చున్నవారు మొదటి గంటలో ఏదైనా భరించగలరు. రెండవ గంటలో చెవి చుట్టూ చెమట పట్టి, మాడు నొచ్చి, తీసి పక్కన పెట్టవలసి వస్తే, ఆ పరికరం ఎంత శ్రావ్యమైనదైనా ఈ గాలికి తగినది కాదు. స్టెల్లియా 435 గ్రాములు, స్టెల్త్ 415, డి9200 375. కాగితం మీద స్టెల్లియాకూ స్టెల్త్‌కూ తేడా 20 గ్రాములే గాని, నెత్తి మీద ఆ తేడా చాలా పెద్దది. స్టెల్త్ బరువును కమాను కింద వేలాడే వెడల్పాటి పట్టీ మాడంతటా పరుస్తుంది. స్టెల్లియా బరువు నడినెత్తిన ఒకే గీత మీద నిలిచి, గంటన్నరకు అక్కడ నొప్పి తెలుస్తుంది. డి9200 తేలికైనదే కాక చెవుల మీద ఒత్తిడి కూడా మెత్తగా ఉంటుంది. పెట్టుకున్న సంగతి మరచిపోయినది దీనితోనే.

చెవుల చుట్టూ ఆనే మెత్తల విషయంలో మన వాతావరణానికి ప్రత్యేకమైన లెక్క ఉన్నది. స్టెల్లియా మెత్తలకూ డొప్పలకూ అసలు తోలు వాడారు. చేతికి ఎంతో హాయిగా ఉంటుంది, చూడడానికి అందంగానూ ఉంటుంది, కాని శ్రావణ భాద్రపదాలలో మూతవేసి ఉంచిన పెట్టెలో తోలుకు బూజు పట్టడం మన ఇళ్ళలో చెప్పులకూ బెల్టులకూ జరిగేదే. విన్న ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వారానికొకసారి గాలికి పెట్టగలవారే దానిని తీసుకోవాలి. డి9200, స్టెల్త్ మెత్తలు కృత్రిమమైన తోలువి. బూజు బెడద తక్కువ, తుడవడం సులువు. స్టెల్త్ మెత్తలను జిగురుతో అతికిస్తారు కనుక మార్చవలసి వచ్చినప్పుడు ఓపికగా పాత జిగురంతా తీసి, కొత్తవి సరిగ్గా కుదిర్చి అతికించాలి. కళ్ళజోడు ఉన్నవారు మరొక మాట గుర్తుంచుకోవాలి: జోడు కాడ పక్కన సందు ఏర్పడితే క్లోజ్డ్ బ్యాక్‌లో మొట్టమొదట పోయేది మంద్రస్వరమే. నా లావుపాటి కాడల జోడుతో ఈ నష్టం స్టెల్లియాలో స్పష్టంగా తెలిసింది.

బయటి హోరును ఆపడంలో కూడా మూడూ సమానం కావు. మూసిన డొప్ప ఏదైనా పై శబ్దాలను బాగా ఆపుతుంది, కింది శబ్దాలను అంతగా ఆపలేదు. కనుక ఏరియేటరు మోటారు గుర్రు మూడింటిలోనూ కొంత వినిపిస్తూనే ఉంటుంది. రెక్కలు నీటిని చిమ్మే చప్పుడు మాత్రం మనిషి గొంతు పలికే మేరలోనే ఉంటుంది కనుక ఆగవలసినది అదే. స్టెల్త్ దానిని దాదాపు మాయం చేస్తుంది, స్టెల్లియా చాలావరకు తగ్గిస్తుంది, డి9200 తగ్గిస్తుంది గాని పల్లవికీ అనుపల్లవికీ మధ్య వచ్చే విరామంలో నీటి చప్పుడు తిరిగి తెలుస్తుంది. ఆ చప్పుడును కప్పడానికి వాల్యూము పెంచుకుంటూపోవడం చెవులకు హాని.

నడిపించే శక్తి విషయం కూడా చూసుకోవాలి. విద్యుత్తుకు చూపే అడ్డు (ఇంపెడెన్స్) స్టెల్లియాకు 35 ఓమ్‌లు, డి9200కు 24. రెండూ ఫోనుకు తగిలించే చిన్న డాంగిల్‌తోనే చక్కగా పలుకుతాయి. స్టెల్త్ 23 ఓమ్‌లే కదా, అదీ సులువుగా నడుస్తుందని మోసపోరాదు. దాని సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి పలికే గట్టిదనం, చాలా తక్కువ కనుక బలమైన యాంప్లిఫయర్ లేకపోతే ప్రాణం లేనట్టు వినిపిస్తుంది. యాంప్లిఫయర్ అంటే అదనపు ఖర్చు, ఒక బల్ల, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద మరికొంత భారం.

పాలకొల్లులోనో అమలాపురంలోనో, కొబ్బరితోట నడుమనో, రాత్రి పదింటికి సద్దుమణిగే ఇల్లు ఉన్నవారు డి9200 తీసుకోవాలని నా అభిప్రాయం; స్టెల్త్ ధరలో సగం కంటె తక్కువకే హాయి అన్నిటికంటె ఎక్కువ, గొంతు అన్నిటికంటె సహజం. ఏసీ గదిలో, కళ్ళజోడు లేకుండా, ఫోనుతోనే, దెబ్బలో ఊపు కోరి వినేవారికి స్టెల్లియా నచ్చుతుంది. మా ఇంటికి ఉత్తరాన మూడు చెరువులు, తూర్పున ఒకటి ఉన్నాయి. డబ్బు కూడబెట్టి నేను కొనదలచినది స్టెల్త్. డి9200ను మిత్రునికి తిరిగి పంపే ముందురోజు, చెరువు పట్టుబడి పూర్తయి ఏరియేటర్లు ఆపిన రాత్రి, బాలమురళి గారి గొంతును దానిలో మరొక్కసారి, తెల్లవారుజాము దాకా విన్నాను.