పాత ల్యాప్‌టాప్‌ను తుడిచి మరొకరికి ఇవ్వడానికి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎంతవరకు పనికివస్తుంది

తెలిసిన పెద్దాయన ఒకరు తాను వాడడం మానేసిన ల్యాప్‌టాప్‌ను నాకు అప్పగించి, చదువుకునే పిల్లలెవరికైనా పనికివచ్చేలా చేసి ఇమ్మన్నారు. అందులో రెండు కోర్ల 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్‌డిస్క్, వాటి మీద విండోస్ 7 ఉన్నాయి. విండోస్ 7కు మద్దతు 2020 జనవరిలోనే ఆగిపోయింది. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ తప్పనిసరి కాబట్టి ఈ వయసు యంత్రానికి ఆ దారి లేదు. అందువల్ల విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22 శ్రేణిలో, తేలికైన డెస్క్‌టాప్ ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పును ఎంచుకున్నాను. సొంతానికి రోజూ వాడుకునే వ్యవస్థగా కాక, ఒకరి చేతిలో నుంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లే కంప్యూటర్‌ను సిద్ధం చేసే సాధనంగా ఇది ఎలా పనిచేసిందో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

మింట్ మొత్తం ఒకే ఫైలుగా వచ్చే, దాదాపు 3 జీబీ ఉండే ఐఎస్‌ఓ ఫైలును దించుకున్న తర్వాత, వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించకుండా, దాని ఎస్‌హెచ్‌ఏ 256 విలువను (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తింపు విలువను) అధికారిక వెబ్‌సైటులో ఇచ్చిన విలువతో సరిపోల్చాను. ఇది అతి జాగ్రత్త కాదు. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైటులోకి చొరబడినవారు యంత్రంలోకి రహస్యంగా చొరబడేందుకు దొంగదారి పెట్టిన ఐఎస్‌ఓకు, దించుకునేవారిని దారి మళ్లించిన సంగతి ఆ ప్రాజెక్టువారే బహిరంగంగా ప్రకటించారు. మనది కాని యంత్రాన్ని, మనల్ని నమ్మి తీసుకునే మనిషి కోసం సిద్ధం చేస్తున్నప్పుడు ఈ రెండు నిమిషాల పనిని వదిలేయకూడదు.

పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెడితే మింట్ హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండానే పూర్తి డెస్క్‌టాప్‌ను తెరుస్తుంది. పాత కంప్యూటర్ల విషయంలో దీని విలువ చాలా ఎక్కువ. వైఫై అందుకుంటోందా, స్పీకర్లు మోగుతున్నాయా, కీబోర్డులో ప్రతి అక్షరమూ పడుతోందా, మూత మూసి తెరిస్తే యంత్రం తిరిగి లేస్తోందా అన్నవన్నీ, ఏదీ చెరపకముందే పరీక్షించుకోవచ్చు. ఈ దశలోనే నాకు ఒక చిక్కు ఎదురైంది. వైఫై కలిసినా బ్రౌజర్ ప్రతి వెబ్‌సైటునూ సురక్షితం కాదని తిరస్కరించింది. గడియారం చూస్తే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. మదర్‌బోర్డు మీది చిన్న నాణెం బ్యాటరీ నిండుకుంటే తేదీ నిలవదు, తేదీ తప్పితే వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలు చెల్లవు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేయగానే అంతా కుదుటపడింది. పాత యంత్రంలో ఇంటర్నెట్ ఇలా మొరాయిస్తే ముందుగా గడియారాన్ని చూడమని ఎవరికైనా చెబుతాను.

మింట్‌తోనే వచ్చే డిస్క్స్ అనే చిన్న అప్లికేషన్ ఈ పనికంతటికీ ఆయువుపట్టు. హార్డ్‌డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలను అది చూపిస్తుంది. చెడిపోయి వేరేచోటికి మార్చిన సెక్టార్ల (డిస్క్‌లో సమాచారం దాచే చిన్న చిన్న భాగాల) సంఖ్య, ఇంకా తేలకుండా అనుమానంలో ఉన్న సెక్టార్ల సంఖ్య, ఈ రెండూ సున్నా ఉంటే ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు. అవి పెరుగుతూ ఉంటే ఆ డిస్క్ మీద శ్రమ పెట్టకుండా మార్చివేయడమే మేలు. నా చేతిలోని డిస్క్‌లో రెండూ సున్నాయే ఉన్నాయి.

ఇక తుడిచివేయడం. పెద్దాయన ల్యాప్‌టాప్ ఇస్తూ, డీ డ్రైవ్‌ను తానే ఫార్మాట్ చేసేశాననీ, అందులో ఇప్పుడేమీ లేదనీ నమ్మకంగా చెప్పారు. తెరిచి చూస్తే నిజంగానే ఖాళీగా కనిపించింది. అయినా పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్న లైవ్ డెస్క్‌టాప్‌లో, చెరిపేసిన ఫైళ్లను వెలికితీసే ఫోటోరెక్ అనే ఉచిత సాధనాన్ని ఎక్కించి, దొరికినవి వేరే డిస్క్‌లో పడేలా ఆ డ్రైవ్ మీద నడిపాను. కొద్ది నిమిషాలకే వందల కొద్దీ ఫోటోలు, వాటి మధ్య బ్యాంకు కాగితాల స్కాన్లు బయటికి రావడం మొదలైంది. త్వరిత ఫార్మాట్ చేసే పని ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను కొత్తగా రాయడమే తప్ప, ఫైళ్లలోని సమాచారాన్ని తాకడం కాదు. విషయసూచిక చింపినంత మాత్రాన పుస్తకంలోని పేజీలు పోవు కదా. అక్కడితో ఆపి ఆయనకు ఫోన్ చేశాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, ఆ ఫోటోలకు తమ దగ్గర వేరే ప్రతి లేదని, వీలైతే వాటిని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇమ్మని అడిగారు. తుడిచే ముందు ఇచ్చినవారిని ఇంకొక్కసారి అడగాలన్న నియమం నాకు ఆ రోజు నుంచే ఏర్పడింది.

ఈ నేపథ్యంలోనే మింట్‌పై నా ప్రధానమైన అభ్యంతరాన్ని చెప్పాలి. ఇన్‌స్టాలర్‌లో డిస్క్‌ను చెరిపి మింట్‌ను ఇన్‌స్టాల్ చేయమనే ఎంపిక ఒకటి ఉంటుంది, పక్కనే అన్నీ పోతాయన్న హెచ్చరిక కూడా ఉంటుంది. కానీ అది చేసేది డిస్క్‌లో కొత్త విభాగాలను (పార్టిషన్లను) సృష్టించి, కొత్త వ్యవస్థకు కావలసిన కొద్దిపాటి చోటును నింపడమే. 320 జీబీ డిస్క్‌లో మిగిలిన విస్తారమైన భాగంలో పాత సమాచారం అలాగే పడి ఉంటుంది. దానం చేసే కంప్యూటర్‌కు ఆ మాటను నమ్ముకోవడం ప్రమాదకరం. ఇది పూర్తిగా తుడవడం కాదని అక్కడే ఒక వాక్యం రాసి ఉంటే ఎందరికో మేలు జరిగేది.

పరిష్కారం మాత్రం మింట్ లోపలే ఉంది. డిస్క్స్‌లో మొత్తం డిస్క్‌ను ఫార్మాట్ చేసే చోట, ఉన్న సమాచారంపై సున్నాలు రాయమనే నిదానమైన ఎంపిక కనిపిస్తుంది. చార్జర్ తగిలించి దాన్ని మొదలుపెడితే సుమారు గంటన్నరలో పూర్తయింది. 35 సార్లు రాయాలన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అది పీటర్ గట్‌మన్ 1996లో ఆనాటి డిస్క్‌ల నిర్మాణాలన్నిటినీ దృష్టిలో పెట్టుకొని రాసిన పరిశోధనా పత్రం నుంచి వచ్చింది. నేటి అయస్కాంత డిస్క్‌లకు సాధారణంగా ఒక్కసారి రాస్తే చాలునని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014 నాటి మార్గదర్శకాల్లో పేర్కొంది. పని ముగిశాక ఫోటోరెక్‌ను మళ్లీ డిస్క్ మొత్తం మీద నడిపాను. ఒక్క ఫైలు కూడా దొరకలేదు. హార్డ్‌డిస్క్‌కు బదులు చిప్‌లలో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రమైతే ఈ పద్ధతి చాలదు, ఎందుకంటే బయటికి కనిపించని అదనపు చోటులో పాత సమాచారం మిగలవచ్చు. దానికి డిస్క్ తనను తానే తుడుచుకునే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం వాడాలి. ఆ సదుపాయం ఉన్న డిస్క్‌లకు డిస్క్స్ అదే చోట దానినీ చూపిస్తుంది.

ఇన్‌స్టాల్ చేయడం గురించి ఎక్కువగా చెప్పవలసింది లేదు. భాష, కీబోర్డు, వీడియోలకు కావలసిన కోడెక్‌లు, విభాగాలు, అంతే. అరగంట లోపే ముగుస్తుంది. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ ముందే ఉంటాయి. తెలుగు అక్షరాలు ఏ అదనపు శ్రమా లేకుండా చక్కగా కనిపిస్తాయి, భారతీయ భాషల ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును సెట్టింగుల్లో చేర్చుకోవచ్చు. వ్యవస్థ లేచి ఊరకే ఉన్నప్పుడు నా యంత్రంలో ర్యామ్ వాడకం 1 జీబీ లోపే ఉంది. వ్యాసం రాసుకోవడం, పాఠం వీడియో చూడడం, నాలుగైదు బ్రౌజర్ ట్యాబులు తెరవడం ఇబ్బంది లేకుండా సాగాయి; ట్యాబులు పది దాటితే మాత్రం 4 జీబీ ర్యామ్ ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. పాత హార్డ్‌డిస్క్ వేగాన్ని ఏ వ్యవస్థా మార్చలేదు కాబట్టి, వీలున్నవారు ర్యామ్ కన్నా ముందు ఎస్‌ఎస్‌డీకి ఖర్చు పెట్టడం మంచిది. 32 బిట్ ప్రాసెసర్ ఉన్న యంత్రానికి ఈ కూర్పు అసలు పనికిరాదు, 2020లో వచ్చిన మింట్ 20 నుంచీ ప్రధాన కూర్పులన్నీ 64 బిట్‌కే పరిమితం. విండోస్ కోసమే రాసిన ప్రత్యేక సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడే విద్యార్థికి కూడా దీన్ని ఇవ్వను.

నన్ను పూర్తిగా ఒప్పించినది మాత్రం పెన్‌డ్రైవ్ మెనూలో తయారీదారుల కోసమని రాసి ఉండే ఓఈఎం ఇన్‌స్టాల్ అనే ఎంపిక. ఆ పేరు చూసి చాలామంది తమది కాదనుకొని దాటిపోతారు. దానితో ఇన్‌స్టాల్ చేస్తే ఓఈఎం అనే తాత్కాలిక ఖాతా ఒకటి ఏర్పడుతుంది. అందులోకి వెళ్లి నవీకరణలు, డ్రైవర్లు, కావలసిన సాఫ్ట్‌వేర్ అన్నీ సిద్ధం చేసి, డెస్క్‌టాప్ మీదున్న గుర్తును నొక్కి యంత్రాన్ని ఆపివేయాలి. మరుసటిసారి మొదలైనప్పుడు అది కొత్తగా కొన్న కంప్యూటర్ లాగా భాష, ప్రాంతం, పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది, తాత్కాలిక ఖాతా తొలగిపోతుంది. డిస్క్ మొత్తానికి తాళం వేసే ఎన్‌క్రిప్షన్‌ను ఈ పద్ధతిలో నేను ఎంచుకోలేదు, ఎందుకంటే దాని పాస్‌వర్డ్‌ను సిద్ధం చేసేవారే పెట్టవలసి వస్తుంది, అప్పుడు అది నాకు కూడా తెలిసినట్టవుతుంది.

ల్యాప్‌టాప్ అందుకున్న అమ్మాయి నా ఎదుటే దాన్ని తెరిచి, భాషల జాబితాలో తెలుగును వెతికి ఎంచుకొని, తన పేరు రాసుకొని, పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు తెరను కొంచెం తనవైపు తిప్పుకుంది. నేను ఆమెకు చూపించినవి రెండే: నవీకరణలు వచ్చినప్పుడు కింద కనిపించే డాలు గుర్తు, ఏదైనా తప్పితే వ్యవస్థను వెనకటి స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్. 22 శ్రేణికి భద్రతా సవరణలు 2029 వరకు వస్తాయి.