సామాను తక్కువ, మట్టి రంగులు ఎక్కువ: మా ఇంటీరియర్ వాళ్ళ పని ఎలా ఉందంటే

తిరుపతిలో మా డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి ఇంటీరియర్ చేయించి ఆరు నెలలైంది. ఇన్నాళ్ళు ఆగి రాస్తున్నానంటే, గృహప్రవేశం రోజు ఎవరి పనైనా బాగానే కనిపిస్తుంది కదా. ఫాల్స్ సీలింగ్ వద్దు, మెరిసే లామినేట్ వద్దు, సామాను తక్కువుండాలి, అలాగని ఆసుపత్రిలా తెల్లగా బోసిపోకూడదు అని ముందే చెప్పాం.

హాల్లో రెడ్ ఆక్సైడ్ గచ్చు మాత్రం అద్భుతం. మేస్త్రీ పాతకాలం మనిషి, తొందరపెట్టినా వినకుండా రోజుల తరబడి నీళ్ళు కట్టించి, బాగా ఆరాక కొబ్బరినూనె గుడ్డతో రుద్దించాడు. సాయంత్రం ఎండ దాని మీద పడి, పక్కన మా తాతగారి టేకు బల్ల ఉంటే ఇంకేమీ కొనాలనిపించదు. గోడకి ఒకే ఒక్క శ్రీకాళహస్తి కలంకారీ, అచ్చు వేసింది కాదు, కలంతో గీసింది. కర్టెన్లు కోరా నూలువి.

గొడవంతా వంటింట్లోనే. కడప బండ వేశారు గానీ సీలర్ (మరకలు ఇంకకుండా రాయి మీద వేసే పూత) పూయలేదు, అది సున్నపురాయి జాతి, పులుపు తగిలితే మచ్చ పడుతుందని ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మొదటి వారంలోనే పులిహోరకి పిండిన నిమ్మచెక్క బోర్లించిన చోట గుండ్రంగా తెల్లటి మచ్చ! ఫోన్ చేస్తే "నేచురల్ స్టోన్ అంటే అంతే మేడమ్" అన్నారు. మీరు చేయిస్తే సీలర్ సంగతి కొటేషన్‌లోనే రాయించుకోండి. మా అత్తగారు ఆ మచ్చ మీద ఉప్పు జాడీ పెట్టేశారు.