పత్తికట్టె మిల్లులో ఐదు సీజన్లు, ఐదు రకాల సుత్తులు: వాడి చూసి రాస్తున్న సమీక్ష

రాయడానికి కూర్చునే ముందు స్టోర్ రూములోంచి ఐదు సుత్తులు తెచ్చి బల్ల మీద వరసగా పేర్చాను. కట్టెను కొట్టి పొట్టు చేసే హ్యామర్ మిల్లు లోపల తిరిగే సుత్తులు ఇవి. కొత్తగా ఉన్నప్పుడు అన్నిటిదీ ఒకటే కొలత: 200 మి.మీ. పొడవు, 50 వెడల్పు, 10 మందం, రెండు కొసల్లో రెండు బెజ్జాలు, తూకం సుమారు 700 గ్రాములు. ఇప్పుడు ఒక్కొక్కటి ఒక్కో ఆకారంలో ఉంది. మొదటిదాని మూలలు నాలుగూ కరిగి, వాడేసిన సబ్బుబిళ్ళలా గుండ్రంగా తేలింది. రెండోదీ దాదాపు అంతే. మూడోదాని మూలలు ఇంకా చెయ్యి కోసుకునేంత పదునుగా ఉన్నాయి, కానీ బెజ్జం దగ్గర అడ్డంగా విరిగిపోయింది. నాలుగోదాని అంచుల వెంట వెల్డింగ్ గీత, దాని మీద సన్నని అడ్డ పగుళ్ళు. ఐదోది ఇప్పుడు మిల్లులో వాడుతున్న సెట్టులోది, సీజన్ అయిపోయింది కాబట్టి బయటికి తీశాను.

మాది జమ్మికుంట పక్కన చిన్న బ్రికెట్ల (మండించడానికి వాడే పొట్టు దిమ్మెల) యూనిట్. పత్తి ఏరడం అయిపోయాక చేనులో మిగిలే కట్టెను రైతులు చాలామంది కుప్పలేసి తగలబెడతారు. అట్లాగే వదిలేస్తే గులాబీ పురుగు అందులోనే బతికి మళ్ళీ పంట మీదికి వస్తుంది. ఆ కట్టెను మేము కొని, చిప్పర్‌లో వేలెడు ముక్కలు చేసి, హ్యామర్ మిల్లులో పొట్టు చేసి, ఆరబెట్టి, ప్రెస్సులో దిమ్మెలు కొడతాం. మిల్లుకు 50 హెచ్‌పీ మోటారు, లోపల 24 సుత్తులు, నాలుగు పిన్నుల (సుత్తులు వేలాడే ఇనప కడ్డీల) మీద ఆరేసి. కింద 10 మి.మీ. జాలీ. గంటకు ఆరేడు వందల కిలోలు వస్తుంది. సీజన్‌కు 450 గంటలు అటూ ఇటూ నడుస్తుంది.

ఈ యూనిట్లో ఖర్చు ఎక్కడ తేలుతుందో మొదటి సీజన్ పూర్తయ్యేదాకా నాకు తెలియలేదు. కరెంటు, కూలీలు, లారీ కిరాయి, అన్నీ లెక్కేసుకున్నాను. సుత్తులు లెక్కలో లేవు.

మిల్లుతోపాటు వచ్చినవి మామూలు ఇనప పట్టీలు. గట్టిపరిచినవే అని అమ్మినవాళ్ళు చెప్పారు. ఆకురాయి పెట్టి గీస్తే బెల్లం ముక్క మీద గీసినట్టు కొరికింది. అప్పుడే అనుమానం రావాల్సింది. నాలుగు మూలలూ మార్చి మార్చి పెట్టినా 60 గంటలకు సెట్టు అయిపోయేది. ఒక్కోటి 180 రూపాయలే కదా అనుకునేవాణ్ణి. కానీ ఒక్క సీజన్లో ఏడు సెట్లు పట్టాయి. అంతకన్నా బాధ, ప్రతి రెండు మూడు రోజులకోసారి మిల్లు ఆపి, మూత విప్పి, పిన్నులు లాగి, సుత్తులు తిప్పి పెట్టడం. ఇద్దరు మనుషులకు గంటన్నర పని. ఆ గంటన్నర ప్రెస్సు కూడా ఖాళీగానే ఉంటుంది.

సుత్తి అరిగిన సంగతి కంటికి కనబడేలోపే అమ్మీటరు మీద తెలుస్తుంది. కొత్త సుత్తులతో మా మోటారు 52 ఆంపియర్లు లాగుతుంది. మూల గుండ్రమయ్యేకొద్దీ అదే మేతకు (మిల్లులో వేసే కట్టెకు) 60 దాటుతుంది. పదును పోయిన సుత్తి కట్టెను చీల్చదు, నలుపుతుంది. పొట్టు వేడిగా, పీచుపీచుగా వచ్చి జాలీ దగ్గరే తిరుగుతూ ఉంటుంది.

రెండో సీజన్‌కు మాంగనీస్ ఉక్కు సుత్తులు తెప్పించాను. కంకర క్రషర్ దవడలకు వాడేది ఇదే, దీన్ని మించింది లేదు అని డీలర్ చెప్పాడు. క్రషర్ మాట నిజమే. రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట కూడా ఈ ఉక్కే వేస్తారు. 1882లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన లోహం, మాంగనీసు 12 శాతం దాకా ఉంటుంది. అసలుదో కాదో చూడాలంటే అయస్కాంతం పెడితే చాలు, అంటుకోదు. మావి అసలువే. అయినా 75 గంటల్లో అయిపోయాయి.

నాకు కోపం వచ్చింది, డీలర్‌తో గొడవ కూడా పెట్టుకున్నాను. తర్వాత అర్థమైంది, తప్పు ఉక్కుది కాదు. ఈ ఉక్కు పుట్టుకతో గట్టిది కాదు. దెబ్బ తిన్నకొద్దీ పైపొర గట్టిపడుతుంది. క్రషర్‌లో బండరాయి, పట్టా మీద రైలు చక్రం, ఆ దెబ్బలు దానికి చాలు. పత్తికట్టె ముక్క తేలిక, అంత దెబ్బ కొట్టలేదు. కట్టెతోపాటు వచ్చే ఇసుక మాత్రం పైపొర గట్టిపడేలోపే గీసుకుంటూ పోతుంది.

అసలు శత్రువు ఆ ఇసుకే. పత్తికట్టెను వేరుతో పీకుతారు, వేరుకు మట్టి ఉంటుంది. నల్లరేగడి నుంచి వచ్చిన కట్టె అయితే మట్టి గడ్డలుగా ఉండి, ఎండాక దులిపితే చాలావరకు రాలిపోతుంది. చెలక నేలల కట్టె వేరు సందుల్లో పలుగురాయి గరుకు దాక్కుంటుంది. వికర్స్ కొలతలో పలుగురాయి గట్టిదనం 1000 దాటుతుంది. బాగా గట్టిపరిచిన టూల్ స్టీలు (పనిముట్లకు వాడే ఉక్కు) కూడా మామూలుగా 700, 800 దగ్గరే ఆగుతుంది. అంటే ఎంత మంచి ఉక్కు తెచ్చినా దానికంటే గట్టి వస్తువు దాన్ని రోజూ గీస్తోందన్న మాట. మా సుత్తి కొస సెకనుకు 56 మీటర్ల వేగంతో తిరుగుతుంది, గంటకు 200 కిలోమీటర్లు. ఆ వేగంలో ఇసుక తగిలితే మూల ఏమవుతుందో బల్ల మీది మొదటి సుత్తిని చూస్తే తెలుస్తుంది.

అదే సీజన్ చివర్లో మూడో రకం. డీ2 అనే టూల్ స్టీలు, మొత్తం ఒకే గట్టిదనం, రాక్‌వెల్ అనే ఇంకో కొలతలో 58. ఒక్కోటి 900 రూపాయలు. మొదటి పది రోజులు చాలా సంబరపడ్డాను. మూల చెక్కుచెదరలేదు, అమ్మీటరు 52 దాటలేదు. పదకొండో రోజు కట్టెలో ఒక నట్టు బోల్టు వచ్చింది. పెద్ద చప్పుడు, తర్వాత మిల్లు మొత్తం ఊగిపోవడం. మా ఆపరేటర్ పరుగున వెళ్ళి స్విచ్ కొట్టాడు. షాఫ్ట్ ఆగడానికి నిమిషం పైనే పట్టింది, ఆ నిమిషం అందరం షెడ్డు బయట నిలబడ్డాం. విప్పి చూస్తే ఒక సుత్తి బెజ్జం దగ్గర తెగి, జాలీని చీల్చుకుని, కింది ప్లేటులో ఇరుక్కుంది. దాని దెబ్బకు పక్కవి మరో రెండు పోయాయి. మూత బోల్టులు బిగించి ఉన్నాయి కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిగిలిన 21 సుత్తుల్ని తెల్లారేసరికి తీసి పక్కన పెట్టాను, మళ్ళీ వాడలేదు.

తిరిగే సుత్తి ఒక్కోటి తన పిన్నును దాదాపు అర టన్ను బలంతో బయటికి లాగుతూ ఉంటుంది. ఆ బలమంతా బెజ్జం చుట్టూ ఉన్న కాస్తంత లోహం మోయాలి. అక్కడ కావలసింది గట్టిదనం కాదు, దెబ్బకు తెగని గుణం. కొసకు కావలసింది వేరు, బెజ్జానికి కావలసింది వేరు. ఒకే గట్టిదనం ఉన్న ముక్కతో రెండు పనులూ చేయించాలనుకోవడమే నేను చేసిన పొరపాటు.

ఈ మాట నాకు సూటిగా చెప్పింది మా ఊళ్ళో ట్రాలీలు, నాగళ్ళు అతికే ఒక పెద్దాయన. విరిగిన సుత్తిని చేతిలో తిప్పి తిప్పి చూసి, బెజ్జం చుట్టూ సుద్దముక్కతో గుండ్రం గీశాడు. "ఈ గీత లోపలికి రాడ్ అంటనీయకు బిడ్డా. ఇక్కడ మెత్తగుంటెనే బతుకుతది" అన్నాడు.

నాలుగో రకం ఆయన చేతిదే. లారీ కమాన్ పట్టీల ఉక్కు, లేత్ వాళ్ళు ఈఎన్45 అంటారు. పట్టీని కొలతకు కోసి, బెజ్జాలు డ్రిల్లుతో వేయించాం. గ్యాస్ కటింగ్‌తో బెజ్జం వేస్తే పని తొందరగా అవుతుంది కానీ అంచు కాలి పెళుసుబారుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. మూలల మీద, దెబ్బ తగిలే అంచు వెంట 12 మి.మీ. వెడల్పున క్రోమియం కార్బైడ్ రాడ్‌తో వెల్డింగ్. ఆ వెల్డింగ్‌లో ఉండే కార్బైడ్ రేణువుల గట్టిదనం వికర్స్ కొలతలో 1500 దాకా పోతుంది, పలుగురాయిని తట్టుకుంటుంది.

ఆయన పనిని దగ్గర కూర్చుని చూశాను. ముందు సుత్తిని గ్యాస్ మంట మీద 250 డిగ్రీల పైకి వేడి చేస్తాడు, నీటిచుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి. తర్వాత ఒక పొర, దాని మీద ఇంకో పొర, అంతే. మూడో పొర వేస్తే పెచ్చులూడుతుంది. అయిపోగానే బయట గాలికి వదలకుండా డబ్బాలో ఉన్న పొడి బూడిదలో పూడ్చేస్తాడు, తెల్లారేదాకా తియ్యనివ్వడు. చల్లారేటప్పుడు వెల్డింగ్ మీద అంగుళానికొకటిగా సన్నని పగుళ్ళు వచ్చాయి. చూడగానే నాకు టెన్షన్ పట్టుకుంది. ఈ రాడ్‌కు ఆ పగుళ్ళు సహజమే, లోపలి బిగువు అట్లా వదులుతుందని చెప్పాడు. అవి పట్టీలోకి దిగకపోతే చాలు. రెండు సీజన్లలో ఒక్కటి కూడా దిగలేదు.

ఈ సుత్తిలో నాకు బాగా నచ్చిన గుణం ఇంకోటి ఉంది. వెల్డింగ్ ముందు అంచుకే ఉండడంతో, వెనకున్న పట్టీ కాస్త తొందరగా అరుగుతుంది, ముందంచు మాత్రం నిలబడి ఉంటుంది. అంటే అరుగుతూనే తన పదును తనే నిలుపుకుంటుంది.

మొదట ఈ సెట్టు 180 గంటలు వచ్చింది. నాలుగో సీజన్‌కు చిప్పర్ తర్వాత ఒక గుండ్రటి తిరిగే జల్లెడ, కన్వేయర్ మీద ఒక అయస్కాంతం పెట్టించాం. మొదటి రోజు సాయంత్రం జల్లెడ కింద రెండు తట్టల ఇసుక పోగైంది. అదంతా నిన్నటిదాకా సుత్తుల మీదుగా పోయింది కదా అని చూస్తూ ఉండిపోయాను. ఆ సీజన్‌లో అదే రకం సెట్టు 300 గంటలు నడిచింది. సుత్తి మారలేదు, రాడ్ మారలేదు. డబ్బులుంటే ముందు జల్లెడ కొనండి, మంచి సుత్తులు తర్వాత.

ఐదో రకం టంగ్‌స్టన్ కార్బైడ్. కొసల్లో అతికించిన బిళ్ళలు కాదు, రాయి తగిలితే ఆ బిళ్ళలు పగులుతాయని విని వద్దనుకున్నాను. మెత్తని లోహంలో కార్బైడ్ పలుకులు కలిపి అంచు మీద పోసిన రకం, పిండిలో నూకలు కలిపినట్టు ఉంటుంది. ఒక్కోటి 1,900. ఈ సీజన్ 460 గంటలు నడిస్తే రెండు మూలలే అరిగాయి, ఇంకో రెండు అట్లాగే ఉన్నాయి.

టన్నుకు ఎంత పడిందో నా పుస్తకంలోంచి చెప్తాను. మామూలు ఇనుము 110 రూపాయలు. కమాన్ పట్టీ, వెల్డింగ్ కలిపి సుత్తి 500 పడింది, టన్నుకు 62. అవే పట్టీలకు రెండోసారి వెల్డింగ్ మాత్రమే చేయిస్తే 30. టంగ్‌స్టన్ ఇదే తీరున నడిస్తే 76 దగ్గర తేలుతుంది. చేతిలో మంచి వెల్డర్ ఉన్నవాళ్ళకు నా ఓటు కమాన్ పట్టీకే. వెల్డర్ దొరకని చోట, లేదా మిల్లు రాత్రింబవళ్ళు ఆగకుండా నడవాల్సిన చోట టంగ్‌స్టన్ పెట్టుకోవచ్చు, ఆ ధరకు న్యాయం చేస్తుంది. మాంగనీస్‌ను పత్తికట్టెకు, కంది కట్టెకు కొనకండి. మొత్తం గట్టిపరిచిన డీ2ను ఎవరు ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

ఏ రకమైనా తూకం చూడకుండా ఎక్కించొద్దు. 10 గ్రాముల తేడా అంటే చిన్నదనిపిస్తుంది. మా వేగం దగ్గర ఆ 10 గ్రాములు ఏడున్నర కిలోల బలమై సెకనుకు 30 సార్లు షాఫ్టును గుంజుతాయి, బేరింగులు వేడెక్కేది అందుకే. వెల్డింగ్ చేసిన సుత్తుల్లో తేడా ఇంకా ఎక్కువ ఉంటుంది. కిరాణా కొట్టు కాటా చాలు. సమాన తూకం ఉన్నవాటిని జతలు చేసి, ఎదురెదురు పిన్నుల మీద ఒకే స్థానంలో పెట్టాలి. సెట్టు మార్చినప్పుడు పిన్నులూ చూడాలి. పిన్ను మీద గాడి పడితే సుత్తి స్వేచ్ఛగా ఊగదు. బెజ్జం కోలగా సాగితే కొస కిందికి దిగి జాలీని తాకుతుంది.

మా మిల్లులో మేత సరిగ్గా మధ్యలో పడుతుంది. ప్రతి పిన్ను మీద నడిమి రెండు సుత్తులు పక్కవాటికన్నా తొందరగా అరుగుతాయి. అందుకని వచ్చే సీజన్‌కు నడిమిన మాత్రం టంగ్‌స్టన్‌వి, రెండు పక్కలా కమాన్ పట్టీవి పెట్టి చూద్దామనుకుంటున్నాను. ఆ ఎనిమిదింటినీ ఇవాళ పొద్దున తూచి జతలు కట్టాను. సుద్దముక్కతో నంబర్లేసి, నూనె రాసి, గోనెసంచిలో చుట్టి పెట్టాను.